నెయ్యి చుక్క లేని అన్నం

మా అత్తగారింట్లో మనుషుల కంటే ముందు ఆవులకు కడుపు నిండేది. ఎత్తిపొడుపుగా అనడం లేదు, ఆ ఇంటి పద్ధతే అది. పొద్దున మిల్లు సంగు, అంటే సైరను, కూసేసరికి పెరట్లో నానబెట్టి రుబ్బిన పత్తి గింజల తొట్టి సిద్ధంగా ఉండాలి. మామగారికి పత్తిలోంచి గింజ తీసే ఫ్యాక్టరీ ఉండేది. అందుచేత గింజలకు కొదవ లేదు, అవి తిన్న ఆవుల పాలకు కొదవ లేదు, ఆ పాల గురించి చెప్పుకునే గొప్పలకు అసలే కొదవ లేదు. తమిళదేశంలో తెలుగు రాజుల ఊరైన రాజపాళయంలో ఒక ఇంటి స్థాయిని మగవాళ్లు నూలు బేళ్లతో కొలిచేవాళ్లు, ఆడవాళ్లు నేతితో కొలిచేవాళ్లు. ఎవరైనా పెళ్లికి వెళ్లొస్తే మా అత్తగారు పెళ్లికూతురు ఎలా ఉందని అడిగేవారు కాదు.

"నెయ్యి గరిటెతో పోసినారా, చెంచాతోనా?" అని అడిగేవారు.

చెంచాతో అని తెలిస్తే ఆ పెళ్లికొడుకు మీద ఆవిడకు ఎక్కడలేని జాలి కలిగేది.

నాది చోళపురం. మా పుట్టింట్లో ఉన్నది ఒకే గేదె. దాని పాలు అమ్ముకుని, మేము నువ్వుల నూనె, రాగి సంగటితో పెరిగాం. ఈ సంగతి అత్తగారు ఏనాడూ మరిచిపోలేదు, నన్ను మరిచిపోనివ్వనూ లేదు. ఇంటికి చుట్టాలొస్తే నన్ను పిలిచి, "మా కోడలు. నల్లెన్న తాగి పెరిగినాది, పావం" అని పరిచయం చేసేవారు. నల్లెన్న అంటే మా వైపు నువ్వుల నూనె. వచ్చినవాళ్లు నన్ను పైనుంచి కిందికి చూసి, పరవాలేదు, బతికి బట్టకట్టిందే అన్నట్టు తలాడించేవాళ్లు.

యాభైల చివర్లో నాకు కూతురు పుట్టింది. అత్తగారికి నలుగురూ కొడుకులే. వాళ్లకంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టి, పసితనంలోనే పోయిందని చోళపురంలో మా అమ్మ ఎక్కడో విని నాకు చెప్పింది. ఆ ఇంట్లో మాత్రం ఆ మాట ఎవరూ ఎత్తేవారు కాదు. కాబట్టి నా కూతురు ఆ ఇంటికి చాలా కాలానికి వచ్చిన ఆడపిల్ల. దాన్ని కిందికి దించేవాళ్లే లేరు. అది ఏడిస్తే నాలుగు వైపుల నుంచి నలుగురు లేచేవాళ్లు, తుమ్మితే మామగారు ఫ్యాక్టరీ వదిలి వచ్చేవారు. ఇంత ముద్దు చేసినా అది ఏడాది నిండకుండానే నడిచింది. ఇంట్లో ఒక తెల్ల వేటకుక్క ఉండేది, రాజపాళయం జాతిదే. మనుషులెవరినీ దగ్గరకు రానివ్వని ఆ కుక్క, మా పిల్ల తోక పట్టుకుంటే మాత్రం అడుగు వెనక అడుగు వేస్తూ ముంగిలంతా నడిపించేది.

అప్పుడే నా పాలు ఆగిపోయాయి. ఆవుపాలు మొదలుపెట్టారు. అక్కడి నుంచి నా పిల్ల నాకు దక్కకుండా పోవడం మొదలైంది. మోకాళ్ల వెనక, మోచేతుల మడతల్లో ఎర్రగా పొక్కి రసి కారేది. కడుపు నిలిచేది కాదు, ఒక్కోసారి విరేచనంలో రక్తపు చార కనిపించేది. తొడలు సన్నబడిపోయాయి. నడిచిన పిల్ల మళ్లీ కూర్చుండిపోయింది. కుక్క వచ్చి ఎదురుగా నిలబడి తోక ఊపేది. పిల్ల చెయ్యి చాచేది, లేవలేక ఏడ్చేది. కుక్క కాసేపు నిలబడి, ఏమీ అర్థం కాక వెళ్లి గడప దగ్గర పడుకునేది.

ఇంట్లో వైద్యులకు లోటు లేదు. అందరూ వైద్యులే, అందరి మందూ పాలే. పిల్లకు బలం లేదు కాబట్టి పాలు పోయాలి, పాలు పోస్తే కడుపు జారుతోంది కాబట్టి ఇంకాస్త కాచి పోయాలి. పసుపు వేసి, మిరియాలు వేసి, వెల్లుల్లి వేసి, చివరికి వస అరగదీసి పోశారు. ఆవుపాలు బరువేమోనని నల్లమేక పాలు తెప్పించారు. అదీ కుదరక, వీధి వెంట గాడిదను తోలుకొచ్చి పాలు పితికి ఇచ్చే మనిషిని పిలిపించారు. ఆ గాడిద మా వాకిట్లో నిలబడి మా అందరినీ ఒకసారి తేరిపార చూసింది. ఆ వేళ వాకిట్లో ఉన్నవాళ్లలో కాస్త తెలివున్నది అదొక్కటే అని నాకనిపించింది.

చివరికి నేను అన్నం మానేసి కూర్చుంటే, మామగారు కారు తీయించి అందరినీ మదురై తీసుకెళ్లారు. అక్కడి పిల్లల డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. బిడ్డను ఒళ్లంతా చూసి, ఏం తింటుందని అడిగింది. మామగారికి ఇంతకంటే ఇష్టమైన ప్రశ్న ఇంకొకటి లేదు. పొద్దున చెంబెడు పాలతో మొదలుపెట్టి, మధ్యాహ్నం నెయ్యి, పెరుగు, సాయంత్రం వెన్న, పడుకునే ముందు మళ్లీ పాలు అని, మా ఇంటి చరిత్రంతా తమిళంలో వినిపించారు. ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"కొందరు పిల్లలకి ఆవుపాలు పడవు" అంది ఆవిడ తమిళంలో, మాకందరికీ అర్థమయ్యేలా నిదానంగా. "పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి, అన్నీ ఆపేయండి. పాలతో చేసిందేదైనా వద్దు. మేక పాలూ వద్దు, గాడిద పాలూ వద్దు. పెద్దయ్యాక పడొచ్చు. ఇప్పుడు మాత్రం చుక్క కూడా వద్దు. ఇలాగే పోస్తూ పోతే బిడ్డ నిలవదు."

తిరుగు ప్రయాణంలో శ్రీవిల్లిపుత్తూరు దాటాక అత్తగారు నోరు విప్పారు.

"ఆ డాక్టరమ్మ ఇంట్లో ఆవు ఉన్నాదా?"

"మదురైలో ఆవు ఎక్కడ కట్టేది? సొసైటీ పాలు తాగే మనిషి" అన్నారు మామగారు.

"అదే చెప్తా ఉన్నాను. ఆవు లేనోళ్లకి పాలని గురించి ఏం తెలుసును?"

మా ఆయన కిటికీలోంచి కొండలు చూస్తున్నారు. ఆ విద్యలో ఆయన ఆరితేరిన మనిషి. ఇంట్లో గొడవైతే దినపత్రిక చూస్తారు, కారులో గొడవైతే కొండలు చూస్తారు. పెళ్లయిన కొత్తలో ఆయనకు ప్రకృతి అంటే ఇష్టమని నేను అపోహపడ్డాను.

పాలు ఆపడానికి ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకున్నది పాలకు మాత్రమే అని నాకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అత్తగారి దృష్టిలో మజ్జిగ పాల కిందికి రాదు. అది కడుపుకు చలువ, కాబట్టి మందు. డాక్టరమ్మ మజ్జిగ పేరు కూడా చెప్పింది కదా అంటే, "ఆమె మదురై సల్లని చెప్పినాది, మన ఇంటి సల్లని కాదు" అన్నారు. వెన్న తినిపించకూడదు, సరే. అయితే బిడ్డ పొక్కుల మీద పూయొచ్చు. పూసిన వెన్నను బిడ్డ నాకేస్తే అది బిడ్డ చేసిన పని, అవ్వ చేసింది కాదు. ఒక్కొక్కటీ ఆపించడానికి ఒక్కొక్క యుద్ధం చేశాను. మజ్జిగ గిన్నె దాచాను, వెన్న కుండను అటక మీద పెట్టించాను, అత్తగారి చేతిలోంచి చెంబు లాక్కున్న రోజు కూడా ఉంది.

మామగారి దారి వేరు. శ్రీవిల్లిపుత్తూరు కోర్టులో ఆయనకు ఒక పొలం గట్టు తగాదా నడుస్తూ ఉండేది. వాయిదాకు వెళ్లిన ప్రతిసారీ ఆకులో కట్టిన పాల్కోవా తెచ్చేవారు. ఆ కేసు ఎన్నేళ్లు సాగినా ఆయన విసుక్కోకపోవడానికి కారణం ఆ పాల్కోవానే అని నా అనుమానం. ఒకరోజు కచేరీ గదిలో మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. బిడ్డ మూతి తెల్లగా ఉంది.

"మామా, బిడ్డకి ఏం పెట్టినారు?"

"ఏమీ లేదు. సుమ్మా, ఊరికే గోరంత పాల్కోవా."

"పాల్కోవా పాలతోనే కదా మామా చేస్తారు?"

"పాలు ఎక్కడ ఉన్నాయమ్మా అందులో?" అన్నారాయన, నా తెలివితక్కువతనానికి నిజంగానే ఆశ్చర్యపోతూ. "కాగి కాగి ఇంకిపోయినాయి కదా!"

ఆ పొట్లం తీసుకెళ్లి కుక్క ముందు పెట్టాను. కుక్క ఆకుతో సహా తినేసింది. మామగారు ఆ పూట అన్నం ముట్టలేదు. మనవరాలి కడుపు రోజుల తరబడి జారినప్పుడు కూడా ఆయన ముఖం అంతగా వాడిపోగా నేను చూడలేదు.

పిల్లకు నేనే విడిగా వండేదాన్ని. కరుపట్టి అనే తాటి బెల్లం వేసిన రాగి జావ, నువ్వుల నూనె రాసిన ఇడ్లీ, వేయించి దంచిన వేరుశనగ, మెత్తగా ఉడికించిన మేక కాలేయం, ఎముకల చారు. అంతా నా పుట్టింటి వంట. అమ్మకు కబురు పెడితే చోళపురం నుంచి రాగులు, నూనె బస్సులో పంపేది. అత్తగారు వంటింటి గడప మీద నిలబడి ఆ జావను చూసి ముక్కు మీద వేలేసుకున్నారు.

"మన ఇంటి బిడ్డకి కూలోళ్ల కూడు పెడతా ఉండావా?"

"ఆ కూడు తిని కూలోళ్ల బిడ్డలు వీధంతా పరిగెత్తతా ఉండారు అత్తా" అన్నాను. "మన బిడ్డ గరిటె నెయ్యి తిని చాప మీద కూర్చున్నాది."

ఆ తర్వాత కొన్నాళ్లు ఆవిడ నాతో నేరుగా మాట్లాడలేదు. నేను పక్కనే ఉన్నా గోడకు చెప్పేవారు. "ఉప్పు ఎక్కడ ఉన్నాదో" అని గోడను అడిగేవారు, నేను తీసి ఇచ్చేదాన్ని. గోడకు కృతజ్ఞతలు చెప్పేవారు కాదనుకోండి, నాకూ చెప్పేవారు కాదు.

నా వంటతో బిడ్డ కాస్త తేరుకుంది. రక్తం కనబడటం మానేసింది, పొక్కులు ఎండుముఖం పట్టాయి. అయితే లేవలేదు. నాలుగు రోజులు బాగుంటే మళ్లీ కడుపు జారేది, మడతలు ఎర్రబడేవి. నేను ఇల్లంతా వెతికేదాన్ని. మజ్జిగ లేదు, వెన్న లేదు, పాల్కోవా లేదు. ఏది తిని ఇలా అవుతోందో అంతుబట్టేది కాదు. రోజులు గడిచేకొద్దీ ఇంట్లో వాళ్ల ముఖాల్లో, మేము ముందే చెప్పలేదా అన్న వెలుగు కనబడసాగింది. ఆ వెలుగు చూస్తే నాకు ఒళ్లు మండేది.

బిడ్డకు చెవులు కుట్టి, పుట్టువెంట్రుకలు తీయించే వేడుక దగ్గర పడింది. కులదేవత గుడికి బంధువులంతా వస్తారు. మామగారు తీర్పు చెప్పారు.

"కాదుకుత్తు నాటికి బిడ్డ నడవకుంటే మళ్లీ పాలు పోస్తాము. ఇంతమంది ముందర బిడ్డని సంకన వేసుకుని నిలబడితే ఊరు ఏమంటాది? రాజుల ఇంట్లో బిడ్డకి పాలు లేకుండా చేసినారనదా?"

ఊరు ఏమంటుందోనని ఆయన భయం. మళ్లీ పాలు పోస్తే కూర్చున్న పిల్ల మంచం పడుతుందని నా భయం. ఆ తర్వాత ఏమవుతుందో డాక్టరమ్మ చెప్పనే చెప్పింది. మా ఆయన వైపు చూశాను. ఆయన దినపత్రికలో పత్తి ధరలు చదువుతున్నారు, ఇంటి వాళ్ల ఫ్యాక్టరీలో తెలియని ధరలేవో అందులో ఉన్నట్టు.

ఆ ఇంట్లో వండే హక్కు నాది, తినిపించే హక్కు అత్తగారిది. మధ్యాహ్నం సంగు కూస్తే మగవాళ్లు భోజనానికి వచ్చేవాళ్లు, నేను వాళ్లకు వడ్డిస్తూ ఉంటే, లోపల వంటింట్లో అత్తగారు బిడ్డను ఒళ్లో పెట్టుకుని ముద్దలు చేసి పెట్టేవారు. మనవరాలికి అవ్వ చేతి ముద్ద. దాని జోలికి వెళ్లే ధైర్యం ఎవరికీ లేదు, నాకూ అవసరం తోచలేదు. ఆ తీర్పు విన్న మర్నాడు మాత్రం నేను పొద్దున్నుంచి వంటింట్లోంచి కదలకూడదనుకున్నాను. ప్రతి గిన్నె మూత తీసి చూశాను.

ముందు దొరికింది అరటి దూట. అత్తగారు ఎప్పుడూ తానే తరిగి, పిండి, నాకు అందించేవారు. ఆ రోజు తరుగుతుండగా చూస్తే ముక్కలన్నీ తెల్లటి నీళ్లలో తేలుతున్నాయి.

"ఇది ఏం నీళ్లు అత్తా?"

"సల్ల నీళ్లు. సల్లలో వేయకుంటే వాళత్తండు నల్లగా పోదా?"

"దీన్నే కదా నేను బిడ్డకి కూటు చేసి పెట్టేది!"

"పిండినాను కదా!" అన్నారావిడ.

పాల్కోవాలో పాలు ఇంకిపోయినట్టే దూటలోంచి మజ్జిగ పారిపోయిందన్నమాట. తల పట్టుకుని ఆ గిన్నె పక్కకు పెట్టాను. అసలుది ఇంకా ముందుంది.

అత్తగారు బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు. నేను విడిగా వండిన అన్నం గిన్నెలోకి తీసుకున్నారు. పొయ్యి గట్టు మీద ఇత్తడి గిన్నెలో మగవాళ్ల కోసం కాచిన నెయ్యి ఉంది. చూడకుండానే చెయ్యి చాచి, అందులోంచి గరిటె తీసి, బిడ్డ అన్నం మీద వంచి, కళ్లు మూసుకుని పెదవులు కదిపారు. తర్వాత చారు పోసి కలపడం మొదలుపెట్టారు.

"అత్తా! ఏం వేసినారు?"

"ఏది?"

"ఇప్పుడు వేసినారే, నెయ్యి!"

"నెయ్యి ఎక్కడ వేసినాను?" అన్నారావిడ. "శుద్ధి చేసినాను."

ఆవిడ అబద్ధం ఆడటం లేదు. అబద్ధమాడే మనిషి ముఖం నాకు తెలుసు, ఆ ఇంట్లో రోజూ చూసేదాన్ని. అన్నశుద్ధి అంటే మా వాళ్లలో వడ్డించిన అన్నం మీద నెయ్యి చిలకరించడం. అది పడందే ఎవరూ ఆకు మీద చెయ్యి పెట్టరు. అది లేని అన్నం చచ్చిపోయినవాళ్ల పేర కాకులకు పెట్టే పిండంతో సమానం. కాబట్టి అత్తగారి లెక్కలో అది తిండి కాదు. దేవుడికి దణ్ణం పెట్టడం లాంటిది. పాలు మానమంటే మానారు, మజ్జిగ మానమంటే ఏడ్చి మానారు, దణ్ణం మానమని ఎవరూ చెప్పలేదు కదా. రోజూ రెండు పూటలా, నా కళ్లు కప్పాలనే ఆలోచనే లేకుండా, నా పిల్ల అన్నం మీద శుద్ధి చేస్తూ వచ్చారు. అందులోనూ ఆవిడ చుక్క అంటే గరిటెడు.

"ఇక వేయవద్దు అత్తా."

"నేను ఉండంగా ఈ బిడ్డకి పిండం కూడు పెట్టను. పెట్టను అంటే పెట్టను" అన్నారు. అది కోపమే అనుకున్నాను అప్పుడు.

సంగు కూసింది. ఆ పూట మామగారు, మా ఆయన మాత్రమే వచ్చి కూర్చున్నారు. నేను ఆకులు వేసి, అన్నం పెట్టి, ఊరుకున్నాను. ఇద్దరి చేతులూ ఆకుల మీద ఆగిపోయాయి. మా ఇంటి మగవాళ్లు నెయ్యి పడేదాకా అన్నాన్ని ముట్టరు, ఆకలి ఎంత ఉన్నా అంతే.

"శుద్ధి ఏది?" అన్నారు మామగారు.

"లేదు మామా. ఈ పొద్దునుంచి ఈ ఇంట్లో అన్నం మీద నెయ్యి పడదు."

"పైత్యం పట్టినాదా నీకు?"

"నెయ్యి లేకుంటే అది పిండం కూడని అత్త చెప్తా ఉండారు. ఒక్క బిడ్డకి పెడితే కదా మామా అది పిండం? ఇంట్లో అందరమూ తింటే అదే మన సాప్పాడు, మన ఇంటి భోజనం."

మామగారు ఒంటికాలి మీద లేచారు. ఫ్యాక్టరీ పెట్టిన నాటి నుంచి ఆ ఇంట్లో నెయ్యి లేని పూట లేదన్నారు, చోళపురం దాన్ని తెచ్చుకుంటే ఇలాగే ఉంటుందన్నారు, ఇంకా చాలా అన్నారు. ఈలోగా చప్పుడు వినబడి తిరిగి చూస్తే మా ఆయన అన్నం కలుపుకుంటున్నారు. నెయ్యి లేని పొడి అన్నం. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, నా వైపు చూశారు.

"పప్పు వెయ్యి" అన్నారు.

మా కాపురంలో ఆయన చేసిన ఒకే ఒక తిరుగుబాటు అది. ఆ రెండు మాటలకు, అంతకుముందు చూసిన కొండలన్నీ క్షమించేశాను. మామగారు చెయ్యి విదిలించుకుని ఫ్యాక్టరీకి వెళ్లిపోయారు. అక్కడ ఆకలికి ఆగలేక గుమాస్తా తెచ్చుకున్న డబ్బాలో అన్నం పంచుకు తిన్నారని తర్వాత తెలిసింది. పాపం, ఆ గుమాస్తా అన్నంలో నెయ్యి ఎక్కడిది!

గెలిచాననే ఊపులో వంటింట్లోకి వచ్చాను. అత్తగారు అక్కడ లేరు. పెరటి వసారాలో, కవ్వం కట్టే గుంజకు ఆనుకుని, బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. అన్నం గిన్నె పక్కన అలాగే ఉంది. బిడ్డ కాలు పైకెత్తి మోకాలి వెనక మడతను చూస్తున్నారు. నాతో చాలా రోజుల తర్వాత గోడ సాయం లేకుండా మాట్లాడారు.

"ఏమ్మే, ఇట్ల రా. నా బిడ్డకి కూడా ఇక్కడే పొక్కినాది."

ఏ బిడ్డ అని అడగబోయి ఆగిపోయాను.

"నా మొదటి బిడ్డకి. ఇట్లే, మోకాలి వెనకాల. అది కూడా నడిచినాది. నడిచి మళ్లీ కూర్చున్నాది. గాడిద పాలు పోసినాము, వెన్న పూసినాము. బలం వస్తాదని రోజుకి రెండు గరిటెలు నెయ్యి తాగించినాను. అది వద్దని తల తిప్పుకుంటే ముక్కు పట్టుకుని తాగించినాను. నా చేత్తోనే."

నేను వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను.

"అప్పుడు నాకు ఎవురూ వద్దని చెప్పలేదే" అన్నారు. తర్వాత నా ముఖంలోకి చూశారు. "ఆ మదురై డాక్టరమ్మ చెప్పినాది నిజమైతే, నా బిడ్డని ఎవురు చంపినారు? నువ్వు చెప్పు."

నా కూతురు లేచి నడిస్తే ఆవిడ ప్రశ్నకు జవాబు వచ్చేస్తుంది. ఇంతకాలం మజ్జిగ మందని, వెన్న పూత అని, నెయ్యి శుద్ధి అని ఆవిడ ఎందుకు పట్టుకుని వేలాడారో అప్పుడర్థమైంది. నాకు చాలా ఏడుపొచ్చింది, ఎవరి కోసమో తెలియలేదు.

"నాకు తెలీదు అత్తా" అన్నాను.

"తెలుసును నీకు" అన్నారావిడ.

బిడ్డను నా చేతికిచ్చి లేచారు. అన్నం గిన్నె తీసుకెళ్లి కుడితి తొట్టిలో బోర్లించారు. నూతి దగ్గర కూర్చుని, గిన్నెను, తర్వాత చేతుల్ని, బూడిద వేసి జిడ్డు పోయేదాకా తోముకున్నారు. చాలాసేపు తోముకున్నారు. మళ్లీ వచ్చి, మాడు అన్నం కాకుండా మధ్యలోది చూసి తీసి, నా చోళపురం నూనె బొట్లు వేసి, చారు పోసి కలిపారు. కళ్లు మూసుకోలేదు, పెదవులు కదపలేదు. ముద్ద చేసి నా కూతురి నోట్లో పెట్టారు.

చెవులు కుట్టే వేడుకకు ముందే ఒక సాయంత్రం కుక్క వచ్చి చాప పక్కన నిలబడింది. పిల్ల దాని వీపు మీద చెయ్యి వేసి లేచింది, పడింది, మళ్లీ లేచింది, తోక పట్టుకుంది. కుక్క ఏమీ మరిచిపోలేదు, అడుగు వెనక అడుగు వేసింది. నేను అరిచిన అరుపుకు ఇల్లంతా పరిగెత్తుకొచ్చింది. అత్తగారు మాత్రం తలుపు దగ్గరే నిలబడి, బిడ్డ ముఖం చూడకుండా దాని పాదాలే చూశారు. చూసి లోపలికి వెళ్లిపోయారు.

గుడి దగ్గర మామగారు వచ్చినవాళ్లందరికీ, కొందరు బిడ్డలకు పాలు పడవని, ఆ సంగతి తాను డాక్టరు కంటే ముందే కనిపెట్టానని, ఇంట్లో ఆడవాళ్లకు చెబితే వింటారా అని చెప్పుకున్నారు. నేను వినలేదన్నట్టు కొబ్బరికాయల వైపు చూశాను. కొండలు చూసే విద్య అప్పటికి నాకూ కొంచెం వచ్చింది. మగవాళ్ల ఆకుల్లోకి నెయ్యి కొద్ది రోజులకే తిరిగి వచ్చేసింది. పిల్ల బడికి వెళ్లే నాటికి పాలు కూడా మెల్లగా పడ్డాయి. అరవైలు ముగిసేసరికి పెరుగన్నం లేకపోతే కంచం తోసేసేది.

అత్తగారు మాత్రం మళ్లీ తన అన్నం మీద నెయ్యి పడనివ్వలేదు. పండగ నాడైనా, పెళ్లి పంక్తిలోనైనా, వడ్డించేవాళ్లు వంగితే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టేవారు. మనవరాలి కోసం మొక్కుకున్నారని ఊరంతా మెచ్చుకుంది. మామగారు ఆ మొక్కు గురించి ఎక్కడ పడితే అక్కడ గొప్పగా చెప్పేవారు. ఆవిడ కాదనలేదు, అవుననలేదు. పోయేదాకా అలాగే తిన్నారు.

"అవ్వ నా కోసం జన్మంతా నెయ్యి మానుకున్నాది కదమ్మా" అని నా కూతురు ఇప్పటికీ మురిసిపోతూ అంటుంది. అవునంటాను. ఆ ఇంట్లో ఎవరూ పేరెత్తని ఇంకో పిల్ల ఉండేదని, అవ్వ నెయ్యి మానుకున్నది ఆ పిల్ల కోసమని, దానికి నేను చెప్పలేదు.